హాలా, షెల్టరా, రెండూ ఒకే ఆవరణలోనా: తిరుపతికి ఏది మేలు?

రాత్రి పదకొండుకు తిరుపతి రైల్వేస్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు నడిస్తే, మూసిన అంగళ్ల ముందు వరసగా పడుకున్నవాళ్లు కనిపిస్తారు. అందరూ తెల్లారి కొండెక్కే యాత్రికులు కాదు. పెళ్లి వంటల్లో గిన్నెలు తోమేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, కొడుకులు వదిలేసిన అవ్వలు ఉంటారు. ఈ ఊరివాళ్లే, ఇల్లు లేదంతే.

వీళ్లకు విడిగా షెల్టర్ కట్టడం ఒక దారి. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అనే కేంద్ర పథకం పెట్టిన నిబంధనల ప్రకారం లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండాలి, మనిషికి 50 చదరపు అడుగులు ఇవ్వాలి, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉంచాలి. 2011 లెక్కల్లో తిరుపతి నగర జనాభా 2.87 లక్షలు కాబట్టి అప్పటి లెక్కకే దాదాపు 300 పడకలు కావాలి. విడి షెల్టర్‌లో పడక ఖాయం. కానీ జాగా చౌకని ఊరి చివర కడితే, అర్ధరాత్రి దాటాక పెళ్లి వంట ముగించుకున్న మనిషి ఆటోకి కూలి డబ్బులు పోసి అక్కడికి పోడు. మళ్లీ అంగడి ముందే పడుకుంటాడు.

రెండోది, వీధి కమ్యూనిటీ హాలునే పంచుకోవడం. పగలు పొదుపు సంఘం మీటింగులు, పిల్లల ట్యూషన్లు, రాత్రి చాపలు. ఖర్చు తక్కువ. మొదట్లో నేనూ దీన్నే గట్టిగా సమర్థించాను. మా వీధి హాలు వరండాలో ఒక అవ్వ పడుకునేది. ఆధార్ కార్డు, పింఛను కాగితాలు పాలకవర్లో చుట్టి నడుముకు కట్టుకునేది. ఒకరోజు లోపల సీమంతం ఉందని మధ్యాహ్నం మూడింటికే లేపేశారు. "యాడికి పోవాల నాయనా, జొరమొచ్చుండాది" అంది. నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా కాపలా కాసి పగలు నిద్రపోవాల్సిన వాచ్‌మన్‌దీ ఇదే గతి.

అందుకే నా ఓటు మూడోదానికి. ఒకే ఆవరణలో ముందు హాలు, వెనక ఎప్పటికీ కదపని పడక గది, మధ్యలో అందరికీ ఒకే అరుగు, ఒకే కొళాయి. మన పల్లెల్లో భజన గుడి అరుగు ఇలాగే పగలు ముసలాళ్ల కబుర్లకు, రాత్రి దారినపోయేవాళ్ల పడకకు పనికొచ్చేది. మడత తలుపులతో పెద్దదీ చిన్నదీ అయ్యేది హాలే కావాలి, పడక కాదు. 2021 నవంబరు వరదల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు ఎన్నో కుటుంబాలు రాత్రికి రాత్రే సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటపడ్డాయి. అలాంటి రాత్రి హాలు తలుపులు తీస్తే వీధివాళ్లకూ అదే ఆసరా.

ఆడపిల్లలు తిరిగే చోటని వీధివాళ్లు భయపడతారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఆడవాళ్ల గది విడిగా, కేర్‌టేకర్ గదికి ఆనుకుని ఉండాలి. మరుగుదొడ్ల తలుపులు హాల్లోకి కాకుండా బయటికి తెరుచుకోవాలి. రాత్రంతా లైటుండాలి. ప్రతి పడక పక్కనా తాళం వేసుకునే పెట్టె తప్పనిసరి. కాగితాలు పోతే పింఛను తిరిగి తెచ్చుకోవడానికి నెలలు తిరగాలి.

ఖర్చు రెండోదానికంటే ఎక్కువే. నెలనెలా కేర్‌టేకర్ జీతం కూడా చూసుకోవాలి. అయితే కొత్త జాగా అన్నిచోట్లా కొననక్కర్లేదు. మా హాలు వెనక వెయ్యి చదరపు అడుగుల ఖాళీ ఉంది, ఇరవైమందికి సరిపోతుంది. ఇప్పుడక్కడ విరిగిన టెంట్‌హౌస్ కుర్చీలు పడేసి ఉన్నాయి.