జాగ్రత్త: ఆ ఫాగ్ లైట్ కిట్‌లో వైరు కట్ చేయమన్నదీ వాళ్లే, కట్ చేశారని వాపసు తీసుకోనన్నదీ వాళ్లే

"ఫ్యాక్టరీ స్టైల్, ప్లగ్ అండ్ ప్లే, ఒక్క వైరు కూడా కట్ చేయక్కర్లేదు" అంటూ అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న ఆ కిట్ గురించే ఈ పోస్టు. పేరు రాయను, చూసినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. రెండు లైట్లు, రెండు బెజెల్స్ (లైటు చుట్టూ వచ్చే ప్లాస్టిక్ చట్రాలు), ఒక స్విచ్చి, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి), ఒక కట్ట వైరింగ్. కారు బంపర్‌లో ఫాగ్ లైటుకి చోటు వదిలేసి పైన ఉత్త ప్లాస్టిక్ మూత పెట్టిన వేరియంట్లు ఉన్నవాళ్లకి గురి చూసి అమ్ముతున్నారు.

కిట్‌లో వచ్చిన బల్బులు హెచ్11 రకం. వైరింగ్ చివర ఉన్న కనెక్టర్లు హెచ్‌బీ4 అనే వేరే రకం బల్బువి. రెండూ నల్లవే, రెండూ రెండు పిన్నులవే, పైపైన చూస్తే తేడా తెలీదు. లోపలి గాడులు వేరు, లాక్ వేరు, ఈ బల్బుకి ఆ కనెక్టర్ చచ్చినా కూర్చోదు. ఫోటో తీసి అమ్మినవాళ్ల చాట్‌లో పెడితే వచ్చిన జవాబు మక్కీకి మక్కీ ఇది: "సర్, కనెక్టర్ కట్ చేసి డైరెక్ట్‌గా జాయింట్ వేసుకోండి. అందరూ అలాగే చేస్తున్నారు. నో ప్రాబ్లం."

నో ప్రాబ్లం! కట్ చేయగానే అసలు సరుకు బయటపడింది. వైరు పైనుంచి చూస్తే బొద్దుగా ఉంది, తొక్క ఒలిస్తే లోపల నాలుగు పోగులు. బ్లేడుతో గీకితే రాగి రంగు పోయి తెల్లగా మెరిసింది. అంటే రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. వెంటనే రిటర్న్ పెడితే అదే చాట్‌లో, అదే మనిషో ఇంకొకడో, "వైరు కట్ చేసిన ప్రాడక్ట్ రిటర్న్ తీసుకోం సర్, మా పాలసీ" అన్నాడు. కట్ చేయమన్న వాళ్ల మెసేజ్‌నే స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ వాళ్లకే పంపాను. దానికి జవాబు చూడండి: "అది టెక్నికల్ టీమ్ సలహా సర్. రిటర్న్స్ టీమ్ వేరు." ఆహా! ఇంకా గట్టిగా అడిగితే, "మీకు వైరింగ్ రాకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సింది, మమ్మల్ని అంటే ఏం లాభం" అని ఒక నీతిబోధ. ఆ తర్వాత చాట్ క్లోజ్. కత్తెర పట్టుకునే ముందు రిటర్న్ పాలసీ చదవనందుకు నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి, అది వేరే సంగతి.

పోయిన డబ్బు ఒకెత్తు. ఆ కిట్‌ని అలాగే బిగించి తిరుగుతున్నవాళ్ల సంగతి తలుచుకుంటేనే భయం. ఎందుకో లెక్కతో చెప్తాను.

55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు. 12 వోల్టులకి 9 ఆంపియర్ల పైచిలుకు. దీనికి 15 ఆంపియర్ల ఫ్యూజ్ బోలెడు. కిట్‌లో వచ్చింది 30. అదేమిటని అడిగితే, "15 వేస్తే పోతోందని కంప్లైంట్లు వస్తున్నాయి, అందుకే 30 ఇస్తున్నాం" అని ఏ మాత్రం సిగ్గు లేకుండా చెప్పారు. 15 పోతోందంటే ఎక్కడో వైరు ఒరుసుకుంటోందనో, కనెక్టర్‌లోకి నీళ్లు దిగుతున్నాయనో అర్థం. దానికి మందు 30 ఫ్యూజా? ఫ్యూజ్ ఉండేది బల్బుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. లోపలి లోహం అర చదరపు మిల్లీమీటరు మించని ఆ వైరులో 20, 25 ఆంపియర్లు పారితే తొక్క కరిగి పొగ వస్తుంది, ఫ్యూజ్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

ఇంకో దారుణం ఆ ఫ్యూజ్ పెట్టిన చోటు. రిలే దాటాక, లైట్ల వైపు పెట్టారు. అంటే బ్యాటరీ ప్లస్ నుంచి రిలే 30వ పిన్ను (రిలేలోకి కరెంటు వచ్చే పిన్ను) దాకా ఉన్న వైరుకి దిక్కూ మొక్కూ లేదు. ఆ వైరు రేడియేటర్ పక్కనుంచి, రేకు అంచుల మీదుగా పోతుంది. ఒక్కచోట తొక్క తెగి బాడీకి తగిలిందా, బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదులుతుంది. ఫ్యూజ్ హోల్డర్ ఎప్పుడైనా ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే ఉండాలి, 15 నుంచి 20 సెంటీమీటర్లు. తయారుచేసేవాడికి ఇది తెలియకనా?

వెలుతురు సంగతీ అంతే. అలాంటి అల్యూమినియం వైరు 3 మీటర్లు లాగి 9 ఆంపియర్లు పంపితే ఒకటిన్నర వోల్టు దాకా దారిలోనే పోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైరైతే 0.2 వోల్టు కూడా పోదు. హాలోజన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. "బల్బులు పసుపుగా, మబ్బుగా వెలుగుతున్నాయి" అని రివ్యూల్లో రాసినవాళ్లందరికీ జబ్బు ఇదే, బల్బులు మారిస్తే తగ్గదు. ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు ప్లస్ పిన్ను మీద పెట్టండి. అర వోల్టు దాటితే ఆ వైరింగ్ పనికిరాదు. బ్యాటరీ మైనస్‌కీ బల్బు ఎర్త్ పిన్నుకీ మధ్య కూడా అలాగే చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. ఎర్త్ వైరుని పెయింట్ మీద బిగిస్తే అంతే. అక్కడ పెయింట్ గీకి, రింగ్ లగ్గు (వైరు చివర బిగించే లోహపు రింగు) వేసి, పైన కాస్త గ్రీజు పూయాలి.

లైటు ముందు అద్దం గాజు కాదు, ప్లాస్టిక్. ఒరిజినల్ లైటుకీ ప్లాస్టిక్ అద్దం ఉండొచ్చు, తప్పు లేదు, కానీ అది 19 వాట్ల హెచ్16 బల్బుకి లెక్కగట్టి చేసినది. వీళ్లు అదే ఆకారాన్ని అచ్చుపోసి లోపల 55 వాట్లు పెట్టారు. బండి కదులుతుంటే గాలికి ఎలాగో నెట్టుకొస్తుంది. ట్రాఫిక్‌లో ఆగితే అద్దం మధ్యలో గోధుమరంగు మచ్చ మొదలై బుడగ లేస్తుంది. హెచ్8, హెచ్11, హెచ్16 మూడింటికీ అడుగుభాగం దగ్గర చెవుల కొలతలు కావాలనే వేరువేరుగా పెట్టారు, ఒకదాని చోట ఇంకోటి పట్టకూడదని. ఈ హౌసింగ్‌లో ఏది పెట్టినా పడుతుంది. దాన్నే "యూనివర్సల్" అని గొప్పగా రాసుకున్నారు!

ప్రకటన ఫోటోలో అద్దం మీద గుండ్రంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన అంకె కనిపిస్తాయి. చేతికి వచ్చినదాని మీద ఏమీ లేదు. నిజమైన ఆమోదం ఉన్న ముందు ఫాగ్ లైటు మీద ఆ E గుర్తుతో పాటు B అనో F3 అనో ఉంటుంది, ఆమోద సంఖ్య ఉంటుంది. అద్దంలోనే అచ్చు పడి ఉంటుంది, స్టిక్కర్ కాదు.

పైకీ కిందకీ తిప్పే అడ్జస్టర్ స్క్రూ అసలు లేదు. ఇది చిన్న లోపం అనుకునేరు. 10 మీటర్ల దూరంలో గోడ ముందు నిలబెడితే, వెలుతురు పై అంచు లైటు మధ్యభాగం కంటే దాదాపు 20 సెంటీమీటర్లు కిందికి పడాలి. ఈ కిట్‌కి అసలు అంచు అంటూ ఉంటేగా! పొగమంచులో పైకి పోయిన వెలుతురంతా తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, ఎదుటివాడి కళ్లలోకి సరేసరి. అందులో హాలోజన్ బదులు ఎల్ఈడీ బల్బు వేసుకుంటే ఇంకా చెల్లాచెదురు.

న్యాయంగా చెప్పాలంటే బెజెల్స్ మాత్రం చక్కగా కూర్చుంటాయి. ఫోటోలకి అది చాలు కదా.

స్విచ్చి వైరింగ్ కూడా ఫ్యాక్టరీ స్టైల్ కాదు. రిలే 86వ పిన్నుకి (రిలేని ఆన్ చేసే పిన్ను) వెళ్లే స్విచ్చి సప్లై నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చారు. తాళం తీసేసినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి, మర్చిపోతే 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయిదు గంటల్లో ఖాళీ. కంపెనీ ఇచ్చే పద్ధతిలో పార్కింగ్ లైట్లు వేస్తేనే ఫాగ్ లైట్లు వెలగాలి, కాబట్టి 86కి వచ్చే సప్లై పార్కింగ్ లైటు వైరు నుంచి స్విచ్చి మీదుగా రావాలి, 85 ఎర్త్‌కి, 87 లైట్లకి. పార్కింగ్ లైట్లు ఎల్ఈడీ అయితే ఆ వైరులో కరెంటు కొన్ని బండ్లలో తుంపులు తుంపులుగా వస్తుంది, రిలే టకటకా కొట్టుకుంటుంది. అలాంటప్పుడు లైట్ల దగ్గర కాకుండా ఫ్యూజ్ బాక్సులో పార్కింగ్ లైటుతో వచ్చే మామూలు సప్లై వెతుక్కోవాలి.

ఇంట్లోనే బిగించుకోవాలనుకునేవాళ్లు కొనేముందు బంపర్ మూత ఒకటి ఊడదీసి లోపలికి టార్చి వేయండి. చాలా మోడళ్లలో కింది వేరియంట్‌కి కూడా ఫాగ్ లైటు కనెక్టర్ వైరింగ్‌తో పాటే వచ్చి, టేపు చుట్టి కట్టేసి ఉంటుంది. అది ఉంటే కిట్టే అక్కర్లేదు: ఒరిజినల్ లైట్లు, ఫ్యూజ్ బాక్సులో ఖాళీగా ఉన్న గుంటల్లో రిలే, ఫ్యూజ్, ఫాగ్ మీట ఉన్న స్టీరింగ్ స్టాక్ (స్టీరింగ్ పక్కన లైట్లు వేసే కాడ), కొన్ని బండ్లకి బీసీఎం (లైట్లలాంటివాటిని నడిపే బండి కంప్యూటర్) కోడింగ్. లేకపోతే రిలే దాకా 2.5, అక్కడినుంచి ఒక్కో లైటుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా కొని లాగండి, 15 ఫ్యూజ్ వేయండి, రిలేని పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ 10 నంబర్ పానాతో విప్పేయండి. క్యాబిన్‌లోకి కొత్త బెజ్జం కొట్టకండి, ఉన్న బెజ్జానికి బిగించిన రబ్బరు రింగు (గ్రామెట్) లోంచే దూర్చండి.

ఆ కిట్ ఇప్పటికే ఇంటికొచ్చేసి ఉంటే ముందు ఫ్యూజ్ పీకి దాని మీది అంకె చూడండి. 30 ఉంటే డబ్బా అలాగే మూసి రిటర్న్ పెట్టండి. చాట్‌లో ఎవడేం చెప్పినా కత్తెర మాత్రం ముట్టుకోకండి.