టాపెట్ సెట్టింగ్: చెవితోనా, ఫీలర్ గేజ్‌తోనా?

స్ప్లెండర్‌కి టాపెట్లు షెడ్డులో పెట్టించాలా, గేజ్ కొని మనమే పెట్టుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. టాపెట్ సెట్టింగ్ అంటే ఇంజన్ వాల్వుకీ, దాన్ని నొక్కే మీట రాకర్‌కీ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్ సరిచేయడం; ఫీలర్ గేజ్ అంటే ఆ గ్యాప్ కొలిచే, రకరకాల మందాల రేకుల కట్ట. షెడ్డు పద్ధతి తెలిసిందే: బండి వచ్చిన వేడిమీదే క్యాపులు విప్పి, రాకర్‌ని వేలితో ఆడించి, స్టార్ట్ చేసి చెవితో విని సరేనంటారు. పది నిమిషాల్లో అయిపోతుంది. ఏళ్ల తరబడి చేసిన మేస్త్రీ వేలికి తెలిసేది తక్కువేం కాదు.

కానీ లూజుగా ఉన్న టాపెట్ టిక్ టిక్‌మంటుంది, టైటుగా ఉన్నది చప్పుడే చేయదు. నాకు తేడా తేల్చేది ఇదే. ఎగ్జాస్ట్ (పొగ వదిలే) వాల్వు సీటు మీద ఆనినప్పుడే తన వేడిలో ఎక్కువ భాగం ఇంజన్ హెడ్‌కి వదులుతుంది. గ్యాప్ లేకపోతే పూర్తిగా ఆనదు, సందులోంచి మంట తన్నుకొస్తుంది. కిందటేడు శబ్దం పోవాలని ఒకచోట బిగించాను. కొన్నాళ్లకి, వేడెక్కిన బండి ఆపి మళ్లీ కిక్ కొడితే కాలికి ఎదురు బలమే తగల్లేదు. హెడ్ విప్పితే వాల్వు అంచు ఒక పక్క గోరంత మేర కాలి ఉంది.

ఇప్పుడు గేజే వాడుతున్నాను. వేడికి గ్యాప్ మారుతుంది కనుక హోండా మాన్యువళ్లు ఇంజన్ 35 డిగ్రీల లోపు ఉండాలంటాయి. మేలో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది, అందుకే తెల్లవారుజామున కూర్చుంటాను. ఇంజన్ తిప్పి, పిస్టన్ పైకొచ్చిందని చూపే 'టి' గుర్తు కలిశాక రాకర్లు రెండూ ఆడాలి, లేదంటే ఇంకో చుట్టు తిప్పాలి. మాన్యువల్‌లో చెప్పిన మందం రేకు గ్యాప్‌లో పెట్టి లాగితే సన్నగా రాసుకుంటూ రావాలి. గ్యాప్ సర్దే స్క్రూని కదలకుండా పట్టే చెక్ నట్ బిగిస్తే ఆ స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది కనుక మళ్లీ రేకు పెట్టి చూడండి.

గేజూ ఒకచోట మోసం చేస్తుంది: స్క్రూ కొన అరిగి గుంటపడితే రేకు ఆ గుంట మీదుగా పోయి, ఉన్నదానికన్నా తక్కువ గ్యాప్ చూపిస్తుంది. సెట్ చేశాక కూడా చప్పుడు గట్టిగా వస్తుంటే స్క్రూ మార్చాలి. ఇక్కడ చెవే నయం.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి గేజ్ అక్కర్లేదు. చల్లటి ఇంజన్‌లో పుష్‌రాడ్ (రాకర్‌ని తోసే కడ్డీ) పైకీ కిందకీ ఆడకుండా, వేళ్లతో తిప్పితే తిరిగితే చాలు. ఆ అలవాటు మాత్రం స్ప్లెండర్‌కి తేవద్దు. యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉండే తర్వాతి రకం) బుల్లెట్లవి హైడ్రాలిక్ టాపెట్లు, ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తామే సరిచేసుకుంటాయి, సెట్ చేసే పనే లేదు.

షెడ్డులోనే చేయిస్తానంటే సాయంత్రం బండి అక్కడే వదిలి, పొద్దున స్టార్ట్ చేయకముందే చూడమనండి. కొంచెం టిక్ టిక్ మిగిలితే మిగలనివ్వమని కూడా చెప్పండి.