మార్చి ముగింపు, సెప్టెంబరు ముగింపు, మధ్యలో పెన్నేరుగడ్డ

ఇల్లు గుంటూరులో, బ్యాంకు ఉద్యోగం తెనాలిలో. నాకు 46 ఏళ్లు. బీపీ లేదు, షుగరు లేదు. అయినా రెండేళ్లుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. కళ్లు తెరిచేలోపే మొండి బకాయిల జాబితా గుర్తుకొచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. రైలెక్కేసరికే రోజంతా పని చేసినట్టు అలసట. నా ఒత్తిడిని మొదట కనిపెట్టింది పళ్ల డాక్టరు. దవడలు బిగించి బిగించి వెనక పళ్లు అరిగిపోయాయి. "ఏమమ్మా, రాత్రిళ్లు నిద్రపోతున్నారా?" అని అడిగారు.

మా కుటుంబ వైద్యురాలు పరీక్షలు చేయించి అన్నీ బాగానే ఉన్నాయన్నారు. సాయంత్రం నడవమన్నారు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోను పక్కన పెట్టమన్నారు. అశ్వగంధ వాడి చూస్తానంటే కాదనలేదు గానీ ఒక షరతు పెట్టారు: మొదలుపెట్టే ముందు థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించుకోవాలి, రెండు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి.

మొదట కొన్నది జెల్లీ బిళ్లలు. ఫోనులో ప్రకటన చూసి తెప్పించాను. 30 బిళ్లల డబ్బా 549 రూపాయలు. పిల్లల చాక్లెట్లలా తియ్యగా ఉన్నాయి. రెండు వారాలు తిన్నా మూడింటి మెలకువ మూడింటికే వచ్చింది. అప్పుడు డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదివాను. అశ్వగంధ, బ్రాహ్మి, తులసి కలిపి 300 మిల్లీగ్రాములట. ఏది ఎంతో విడివిడిగా లేదు. వేరు వాడారో ఆకు వాడారో లేదు. చక్కెర ఎంతో మాత్రం స్పష్టంగా ఉంది. ఒత్తిడిలో ఉన్న మనిషి దేనికైనా చెయ్యి చాస్తుంది. ఆ బలహీనత మీద ఇలాంటి సరుకు అమ్మడం నాకు చాలా బాధ కలిగించింది. ఈ రకానికి నేను ఒక్క మార్కు కూడా ఇవ్వను.

వేరా, ఆకా అన్న ప్రశ్న చిన్నది కాదు. మన వైద్యంలో మొదటినుంచీ వాడుకలో ఉన్నది వేరు. మా అమ్మమ్మ 'పెన్నేరుగడ్డ' అనేది. జ్వరం పడి లేచినవాళ్లకు దంచి పాలలో కాచి ఇచ్చేది. పచ్చి వేరుకు గుర్రం వాసన వస్తుందనే అశ్వగంధ అన్న పేరు వచ్చిందంటారు. ఆకును మందుగా లోపలికి తీసుకునే అలవాటు మనకు లేదు. అశ్వగంధలో పని చేస్తాయనే రసాయనాలు, విథనోలైడ్లు, ఆకులో కూడా ఉంటాయి కాబట్టి దాన్ని కలిపితే సీసా మీద శాతం పెద్దదిగా వేసుకోవచ్చు. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖే ఆకు వాడవద్దని తయారీదారులకు సూచించింది. అందుకే ఇప్పుడు సీసా చేతికి రాగానే 'వేరు' అన్న మాట కోసం వెతుకుతాను.

రెండోసారి కేఎస్‌ఎం-66 అనే వేరు సారంతో చేసిన క్యాప్సూళ్లు కొన్నాను. ఆ సారాన్ని తయారుచేసే సంస్థ హైదరాబాద్‌దే. పూర్తిగా వేరు నుంచే తీస్తారు, విథనోలైడ్లు కనీసం 5 శాతం ఉంటాయి. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం హైదరాబాద్‌లోనే జరిగింది. దీర్ఘకాల ఒత్తిడి ఉన్న 64 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ సారం 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి క్యాప్సూళ్లు 60 రోజులు ఇచ్చారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మొదటి జట్టులో సుమారు 28 శాతం, రెండో జట్టులో సుమారు 8 శాతం తగ్గింది. 64 మంది చాలా తక్కువ, నిజమే. ఉత్తుత్తి క్యాప్సూలు మింగినవాళ్లకూ కొంత తగ్గిందన్న విషయం నేను మరిచిపోలేదు. అయినా జెల్లీ బిళ్ల ప్రకటన కన్నా ఇది నమ్మదగినదే.

ఫిబ్రవరి మొదటి వారంలో మొదలుపెట్టాను. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పింది. టిఫిను తర్వాత వేసుకుంటే పదకొండింటికే కౌంటరు దగ్గర కళ్లు మూతలు పడ్డాయి. డాక్టరును అడిగి రాత్రి భోజనం తర్వాత ఒక్కటే వేసుకోవడం మొదలుపెట్టాను. మొదటి పన్నెండు రోజులు ఏ తేడా లేదు. మూడో వారంలో ఒక రోజు మెలకువ వచ్చేసరికి కిటికీలో వెలుతురు కనిపించింది. గడియారం చూస్తే ఐదున్నర. మంచం మీద కూర్చొని ఏడ్చాను. వరుసగా ఆరు గంటల నిద్ర ఎలా ఉంటుందో మరిచిపోయిన మనిషికే ఆ సంగతి అర్థమవుతుంది.

తేడా నిద్రలోనే. జోనల్ కార్యాలయం నుంచి ఫోను వస్తే గుండె దడ అలాగే ఉంది. మార్చి 31 రాత్రి పదింటి దాకా శాఖలోనే ఉన్నాను, ఆ రోజు ఏ క్యాప్సూలూ నన్ను కాపాడలేదు. కాకపోతే ఆ మర్నాడు మనిషిని కాగలిగాను. ఏప్రిల్ మొదటి వారంలో ఆపేసి పరీక్షలు చేయించుకున్నాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి.

కానీ ఒక అనుమానం మిగిలింది. ముగింపు గడిచిపోయింది కాబట్టి నిద్ర పట్టిందా, మందువల్ల పట్టిందా? ఏప్రిల్ నుంచి జూలై దాకా ఏమీ వాడలేదు. జూన్‌లో మూడింటి మెలకువ తిరిగొచ్చింది. ఆగస్టులో, సెప్టెంబరు అర్ధసంవత్సర ముగింపుకు ముందు, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పొడి. గుంటూరులో పాత మూలికల దుకాణంలో 100 గ్రాములు 95 రూపాయలు. చెంచాడు పొడి, అంటే సుమారు మూడు గ్రాములు, గ్లాసుడు పాలలో కాచి, దించాక కాస్త బెల్లం వేసుకుని తాగాను. చేదు గొంతులో చాలాసేపు ఉంటుంది, అడుగున మడ్డి మిగులుతుంది. ఈసారి దాదాపు నాలుగు వారాలు పట్టింది. ఐదింటి దాకా నిద్ర వచ్చింది, వారంలో నాలుగైదు రాత్రులు. క్యాప్సూలంత నమ్మకంగా కాదు, కానీ ఖర్చు ఆరో వంతు. పొడిలో బలం ఎంతో తెలుసుకునే దారి లేకపోవడం దాని లోటు. ఆ పాలు కాచే పది నిమిషాలు ఫోను లేకుండా పొయ్యి దగ్గర నిలబడటం కూడా పని చేసిందని నా నమ్మకం.

నా నిద్ర సంగతి విని చెల్లెలు, "అక్కా, నాకూ ఒక సీసా తెచ్చిపెట్టు" అంది. తేలేదు. తను ఎనిమిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. షుగరు, బీపీ, నిద్ర మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు కూడా డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. అరుదుగానే అయినా కొందరికి దీనివల్ల కామెర్లు వచ్చి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికలలో ఉన్నాయి. 2023లో డెన్మార్క్ దీన్ని పూర్తిగా నిషేధించింది. మూలిక కదా, ఏమీ కాదు అనే మాట ఇంట్లో ఎవరన్నా నేను ఊరుకోవడం లేదు.

నా లెక్కలో క్యాప్సూళ్లకు ఐదుకు మూడున్నర, పొడికి మూడు. సీసా మీద వేరు అని, విథనోలైడ్లు ఎంత శాతమో అని రాసి ఉంటేనే కొనండి.

అక్టోబరులో పొడి ఆపేశాను. సగం పొట్లం గాజు సీసాలో పోసి మూత మీద తేదీ రాసి పెట్టాను. ఫిబ్రవరిలో రక్త పరీక్ష చేయించుకున్నాకే ఆ మూత తీస్తాను.