స్పెక్ట్రమ్ నెక్స్ట్‌కి ఈఎస్‌పీ-01 వైఫై మాడ్యూల్: కొనొచ్చా?

1980ల హోమ్ కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి కొత్త రూపమే స్పెక్ట్రమ్ నెక్స్ట్. వైఫై లేకుండా వచ్చిన నెక్స్ట్ బోర్డుకి ఈఎస్‌పీ-01 కంటే చవకైన దారి లేదు. 8 పిన్నుల చిన్న మాడ్యూల్, టంకం పని అక్కర్లేదు. కానీ తిప్పి పెడితే కాలిపోవచ్చు. పవర్ తీసేసి, గ్రౌండ్, వీసీసీ (కరెంటు అందే) పిన్నులు బోర్డు మీది గుర్తులతో సరిపోయాయో లేదో రెండుసార్లు చూసుకోండి. ఇది 3.3 వోల్టులది. 5 వోల్టులు ఇచ్చి పరీక్షించకండి.

ఎక్కువమంది చిక్కుకునేది ఫర్మ్‌వేర్ (మాడ్యూల్ లోపలి సాఫ్ట్‌వేర్) దగ్గరే. 'ఏటీ'తో మొదలయ్యే కమాండ్లకు జవాబిచ్చే ఏటీ ఫర్మ్‌వేర్ ఉన్నదే అడిగి కొనండి, ఖాళీది పలకదు. మామూలు వేగం 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు). కమాండ్ చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే లైన్ ముగింపు గుర్తులు రెండూ వెళ్లాలి. ఒక్కటే వెళితే జవాబు రాదు, మాడ్యూల్ చెడిపోయిందని పొరబడతాం. పాస్‌వర్డ్‌లో కామా, కొటేషన్ గుర్తు ఉంటే వాటి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ తప్పనిసరి, 5 గిగాహెర్ట్జ్ దీనికి కనిపించదు. 115200 బాడ్ దగ్గర సెకనుకు 11 కిలోబైట్లకు కాస్త పైనే గరిష్ఠం. అంటే 48కే స్నాప్‌షాట్‌కి (48 కిలోబైట్ల మెమరీ మొత్తాన్ని దాచిన ఫైలుకి) నాలుగైదు సెకన్లు. క్యాసెట్ కాలపు నిమిషాలతో పోల్చుకుంటే ఎంత హాయి! టెల్‌నెట్ బులెటిన్ బోర్డులు (అక్షరాలతోనే నడిచే పాతకాలపు ఆన్‌లైన్ చర్చా వేదికలు) చక్కగా నడుస్తాయి. ఇప్పటి వెబ్‌సైట్ల కోసమైతే మాత్రం కొనకండి.