కథ రాయడం నేర్చుకోవాలంటే: ఇగ్నో డిప్లొమానా, ఆన్‌లైన్ కోర్సా, రెండు రోజుల వర్క్‌షాపా?

మా అక్క కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో ఆరు కథలు మొదలుపెట్టింది, ఒక్కటీ పూర్తి కాలేదు. మొన్న పండక్కి ఇంటికి వచ్చినప్పుడు అడిగింది: "పిన్నీ, ఏదైనా కోర్సులో చేరితే రాయడం వస్తుందా? చేరితే దేంట్లో చేరను?" అప్పటికే మూడు ఏరిపెట్టుకుంది. దూరవిద్య నడిపే ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) వాళ్ల డిప్లొమా, కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లో అమెరికా వెస్లియన్ యూనివర్సిటీ కోర్సు, మన దగ్గరే జరిగే ఒక తెలుగు కథా వర్క్‌షాపు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న చాలామంది పిల్లలు అడుగుతున్నారు.

ముందు ఇగ్నో. పేరు డిప్లొమా ఇన్ క్రియేటివ్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్. పేరులోనే ఉంది, ఇది ఇంగ్లిష్‌లో రాసేవాళ్ల కోసం. ఇంటర్ పాసైతే చేరొచ్చు, తక్కువలో తక్కువ ఏడాది పడుతుంది. రచనకు సంబంధించిన సాధారణ సూత్రాల పేపరు అందరూ చదవాలి. ఫీచర్ రైటింగ్, చిన్నకథ, రేడియో-టీవీ రచన, కవిత్వం లాంటి వాటిలోంచి మనకు కావలసినవి ఎంచుకోవాలి. చివర్లో ప్రాజెక్టు ఉంటుంది. దీనిలో నాకు నచ్చేది గడువు. అసైన్‌మెంట్ ఫలానా తేదీకి ఇవ్వాలంటే ఇవ్వాల్సిందే. సగం రాసి వదిలేసే అలవాటున్న వాళ్లకి ఆ మాత్రం ఒత్తిడి మంచిదే. పైగా పాఠాలు ఇగ్నో వాళ్లదే అయిన ఈజ్ఞానకోశ్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. చేరేముందు చిన్నకథ మీద ఉన్న పాఠాలు తెరిచి చదవండి. బుర్రకెక్కుతున్నాయా లేదా అన్నది ఒక్క ఆదివారంలో తేలిపోతుంది.

వెస్లియన్ కోర్సు పద్ధతి వేరు. ప్లాట్ (కథ అల్లిక), పాత్ర, స్థలం-వర్ణన, శైలి అని నాలుగు కోర్సులు, ఆ తర్వాత అన్నిటినీ కలిపి చేసే ఒక ప్రాజెక్టు. పాఠం చెప్పేవాళ్లు పేరున్న నవలా రచయితలు. నేను ప్లాట్ కోర్సు వరకు చేశాను. పాఠాలు నిజంగా బాగున్నాయి. పాత్రకి ఏదో ఒకటి కావాలి, దానికి ఏదో ఒకటి అడ్డం పడాలి అన్న మాట అంతకుముందు ఎక్కడో చదివే ఉంటాను గానీ, దాన్ని నా కథకి పెట్టి చూసుకోవడం అక్కడే అలవాటైంది. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, మన రాత చదివేది మనలాంటి ఇంకో విద్యార్థి. ఒకరి రాత ఒకరు దిద్దుకోవాలి. ఒకాయన శ్రద్ధగా పది వాక్యాలు రాస్తాడు, ఇంకొకావిడ 'వెరీ నైస్' అని ఊరుకుంటుంది. మనం తెలుగులో రాసినదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి పెడితే, దిద్దుబాటు ఆ అనువాదానికి జరుగుతుంది గానీ మన వాక్యానికి కాదు.

ఇవి కాక, జూమ్‌లో జరిగే డబ్బు కట్టే క్లాసులు చాలా వచ్చాయి. ఒకదాంట్లో నేనూ చేరాను. పది ఆదివారాలు, అరవై మందికి పైగా ఉన్నాం. మాటలు ఉత్సాహంగా ఉండేవి, ప్రతి క్లాసూ అయ్యాక ఏదో సాధించినట్టు అనిపించేది. పది వారాల్లో నేను పంపిన మూడు కథల్లో ఒక్కదాన్నీ ఎవరూ తెరిచి చూడలేదు. చివరికి సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. డబ్బు పోయిందన్న దానికంటే, ఆ పది వారాలు నేను ఎవరో ఒకరు చదువుతారని ఎదురుచూశాను, అదే ఇప్పటికీ బాధ.

ఇక వర్క్‌షాపు. రాసింది పదిమంది ముందు పెట్టి, అందరూ మాట్లాడుతుంటే రాసినవాళ్లు నోరు మెదపకుండా వినడం అన్న ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో అయోవా యూనివర్సిటీ. అక్కడ రైటర్స్ వర్క్‌షాప్ 1936లో మొదలైంది. మన దగ్గర జరిగేవి అంత పెద్దవేం కాదు. ఒక ఊళ్లో కల్యాణ మండపమో, బడిలో ఒక గదో, పాతికమంది, ఇద్దరు ముగ్గురు పెద్ద రచయితలు, రెండు పూటల భోజనం.

నేను వెళ్లినదాంట్లో నా కథ ఒక దర్జీ గురించి. ఎనిమిదో తరగతి చదివే అతని కొడుకు శీను కళ్లతో నడుస్తుంది. మొదటి వాక్యం ఇది: "శీను బడి నుంచి వచ్చేసరికి అతను మిషను ముందు కూర్చుని ఉన్నాడు." ఒక పెద్దాయన అక్కడే ఆపి అడిగారు: "శీనుకి నాన్న ఎప్పట్నుంచి 'అతను' అయ్యాడమ్మా?"

నాకు నోట మాట రాలేదు. కథంతా అబ్బాయి వైపు నుంచే చెబుతున్నాననుకున్నాను గానీ, ఆ ఒక్క మాటతో గుమ్మం బయట నిలబడి చూస్తున్న పరాయిదాన్ని అయిపోయాను. 'నాన్న' అని మారిస్తే ఇంకో ప్రశ్న వచ్చింది. నాన్న కూర్చుని 'ఉన్నాడా', 'ఉన్నారా'? మా వైపు అలాంటి ఇళ్లలో పిల్లలు నాన్నని 'వచ్చాడు' అనే అంటారు. 'వచ్చారు' అని రాస్తే ఆ ఇల్లే మారిపోతుంది. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ ఒక్క 'హీ' సరిపోతుంది. అందుకే ఇంగ్లిష్ కోర్సులో దృక్కోణం గురించి ఎంత బాగా చెప్పినా, వాడు, అతను, ఆయన, నాన్న అన్న నాలుగింటి మధ్య ఎంత దూరం ఉందో అక్కడ పాఠంగా రాదు. మన కథల్లో చెప్పేవాడి మనసు సగం ఆ మాటల్లోనే బయటపడిపోతుంది.

ఇంటికొచ్చి అన్నిచోట్లా 'నాన్న' అని మార్చాను. ఒక్కచోట మాత్రం పాత మాటే ఉంచాను. వడ్డీకి డబ్బిచ్చే ఆయన ఇంటి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని శీను దూరం నుంచి చూసే చోట. అక్కడ "అతను తల వంచుకుని ఉన్నాడు" అనే ఉంది.

ఈ ఒక్క దిద్దుబాటు కోసం రెండు రోజుల వర్క్‌షాపు నాకు మిగతా అన్నిటికన్నా మేలు అనిపిస్తుంది. లోటు కూడా చెప్పాలి. రెండు రోజులు అయిపోతాయి, ఆ ఉత్సాహం నెలకి చల్లారుతుంది. కొన్నిచోట్ల పెద్దవాళ్ల ఉపన్యాసాలే రోజంతా నడుస్తాయి, కథలు చదివే వంతు సాయంత్రం నాలుగింటికి వస్తుంది. అప్పటికి సగం మంది బస్సు టైము చూసుకుంటూ ఉంటారు.

సినిమాకి రాయాలన్న వాళ్ల దారి వేరు. తెలుగు విశ్వవిద్యాలయం దూరవిద్యలో సినిమా రచన మీద డిప్లొమా నడిపింది, ఈ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి.

అమ్మాయికి నేను చెప్పింది ఇది. ఇంగ్లిష్‌లో రాస్తానంటే ఇగ్నోలో చేరు, గడువులు నీకు కావాలి. తెలుగులో రాస్తానంటే వెస్లియన్ పాఠాలు వినడానికి మాత్రమే విను, దిద్దించుకోవడానికి వర్క్‌షాపుకి వెళ్లు. వెళ్లేముందు వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' చదువు. సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం, కథ గురించి తెలుగు కథలతోనే మాట్లాడుతుంది. కథలు దొరకడం కష్టమన్న మాట ఇక చెప్పకు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథల లైబ్రరీ కథానిలయం సైటులో పాత పత్రికల కథలు వేలల్లో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. వారానికి రెండు చదివి, ప్రతిదాంట్లో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో నోట్‌బుక్‌లో రాసుకో.

ఇంకొక్కటి గట్టిగా చెప్పాను. ఎక్కడ డబ్బు కట్టినా ముందు ఫోన్ చేసి ఒక్క మాట అడుగు: "నా కథ ఎవరు చదువుతారు, ఎన్నిసార్లు చదువుతారు?" సూటిగా జవాబు రాకపోతే కట్టకు.

తను వర్క్‌షాపుకే పేరిచ్చింది. వాళ్లు ముందుగా పూర్తయిన కథ ఒకటి పంపమన్నారట. ఆరింట్లో దేన్ని పూర్తి చేయాలా అని నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, ఒకదాని మొదటి పేజీ చదివి వినిపించింది. అందులో అమ్మమ్మని 'ఆమె' అని రాసింది.