జాగ్రత్త: ‘ఒకే సైనికుడివి’ అంటూ అమ్మే సోవియట్ పతకాల గ్రూపులు

రెండో ప్రపంచయుద్ధం నాటి సోవియట్ పురస్కారాలు ఇలా కలిపి అమ్ముతారు (ఆర్డర్ అంటే మెడల్ కంటే పై స్థాయి పురస్కారం): రెడ్ స్టార్ ఆర్డర్, పేట్రియాటిక్ వార్ మొదటి తరగతి ఆర్డర్, ‘జా ఒత్వాగు’ అని రాసి ఉండే ధైర్య పతకం, కోనిగ్స్‌బర్గ్ మెడల్, వియన్నా మెడల్, జర్మనీపై విజయం మెడల్. వీటితో పాటు పొందినవాడి పేరు, పురస్కారాల వివరాలు రాసి ఉండే ఒక ఎర్ర ఆర్డర్ బుక్కు, ఆర్కైవ్ కాగితం ప్రింటు ఒకటి. ‘అన్నీ ఒకే సార్జెంటువి, ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి నేరుగా వచ్చాయి’ అని అమ్మేవాళ్లు చెప్తారు. హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా, ఇలాంటి గ్రూపు ఆన్‌లైన్‌లో కనబడితే డబ్బు పంపేముందు ఇది చదవండి.

ముందు ఒక సంగతి అర్థం కావాలి. ఇలాంటి గ్రూపులో ఆరుకు ఆరూ అసలు పతకాలే కావచ్చు. మోసం వాటిని జత చేయడంలో ఉంటుంది. విడిగా దొరికే పతకాలు తెచ్చి, ఎవరిదో ఒక బుక్కు పక్కన పెట్టి, ఒక పేరు తగిలిస్తారు. మీరు అదనంగా కట్టే డబ్బంతా ఆ పేరుకే. పేరు నిలబడకపోతే మీ చేతిలో మిగిలేది విడి పతకాల ధరే. అందుకే వెండి అసలుదా కాదా అని తేల్చుకోవడంతో పని అయిపోదు.

తూకం, భూతద్దం కంటే ముందు క్యాలెండర్ తీయండి. పైన చెప్పిన గ్రూపు అక్కడే దొరికిపోతుంది. కోనిగ్స్‌బర్గ్ మెడల్ 1945 జనవరి 23 నుంచి ఏప్రిల్ 10 వరకు తూర్పు ప్రష్యాలో జరిగిన పోరాటానికి ఇచ్చారు. వియన్నా మెడల్ అదే ఏడాది మార్చి 16 నుంచి ఏప్రిల్ 13 వరకు ఆస్ట్రియా వైపు జరిగిన దాడికి. ఒకటి బాల్టిక్ తీరం, ఇంకొకటి డాన్యూబ్ లోయ. వేర్వేరు ఫ్రంట్లు, దాదాపు అవే రోజులు. మామూలు పదాతిదళ సార్జెంటు రెండు చోట్లా ఉన్నాడంటే, గాయపడి ఆసుపత్రి నుంచి వేరే దళానికి బదిలీ అయినట్టు కాగితం చూపించాలి. అది లేకపోతే ఆ రెంటిలో ఒకటి తర్వాత చేర్చిందే అనుకోండి.

దీనికి ఎదురుగా, కొన్ని జతలు వింతగా కనిపించినా సరైనవే. బెర్లిన్ మెడల్ ఏప్రిల్ 22 నుంచి మే 2 వరకు, ప్రాగ్ మెడల్ మే 3 నుంచి 9 వరకు. మొదటి ఉక్రెయిన్ ఫ్రంట్ అనే సోవియట్ సైన్యాల సమూహం బెర్లిన్ నుంచి ప్రాగ్ మీదికి తిరిగింది కాబట్టి ఈ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండటం సహజం. కోనిగ్స్‌బర్గ్, జపాన్‌పై విజయం మెడల్స్ కలిసి ఉన్నా భయపడక్కర్లేదు. తూర్పు ప్రష్యాలో పోరాడిన 5వ, 39వ సైన్యాలను ఆ తర్వాత దూరప్రాచ్యానికి తరలించారు. చరిత్ర తెలిసినవాడికి ఇలాంటి జత మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది.

‘యుద్ధంలో అమరుడైన వీరుడి పూర్తి సెట్టు’ అన్న మాట వినబడితే మరీ జాగ్రత్త. జర్మనీపై విజయం మెడల్ 1945 మే 9న ఏర్పాటు చేశారు. 1944లో చనిపోయినవాడికి అది రాదు. నాటి నియమం ప్రకారం మనిషి చనిపోతే ఆర్డర్లను ప్రభుత్వానికి తిరిగి ఇచ్చెయ్యాలి. 1942లో పుట్టిన పేట్రియాటిక్ వార్ ఆర్డర్‌ను మాత్రం కుటుంబం దగ్గర ఉంచుకోనిచ్చారు. మిగతావి కూడా ఇంట్లోనే ఉండిపోయాయంటే అమ్మేవాడు కారణం చెప్పగలగాలి.

ఇక బుక్కు. ఆర్డర్లు, ధైర్య పతకం లాంటివి నంబర్లతో సహా ఆర్డర్ బుక్కులో ఎక్కుతాయి. కోనిగ్స్‌బర్గ్, వియన్నా, జర్మనీపై విజయం వంటి వాటికి నంబరు ఉండదు, ఒక్కోదానికి విడిగా చిన్న ధ్రువపత్రం ఇస్తారు. కాబట్టి బుక్కు ఎంత అసలుదైనా ఆ మూడు మెడల్స్ ఆ మనిషివే అని అది చెప్పలేదు. వాటి ధ్రువపత్రాలు, అదే పేరుతో, విడిగా అడగండి. బుక్కులో నంబరు దిద్దారేమో చూడటానికి పేజీ వెనక టార్చి పెట్టండి. గీకిన చోట కాగితం పలచబడి వెలుతురు ఎక్కువగా వస్తుంది. అతినీలలోహిత లైటు కింద 1940ల కాగితం మందకొడిగా ఉంటుంది. నీలి తెలుపుతో మెరిసిపోతే అది తర్వాతి కాలపు కాగితం. రిబ్బన్ల మీదా ఇదే లైటు వేయండి. రిబ్బను మెరిసినంత మాత్రాన పతకం నకిలీ అయిపోదు, రిబ్బన్లు మార్చడం మామూలే. కానీ ‘యుద్ధం నాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు’ అన్న మాట అక్కడితో పోతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది రెడ్ స్టార్ నంబరు దగ్గర. బుక్కు చేతిలో ఉంటే దానికి సరిపోయే నంబరున్న ఆర్డర్ దొరకదు కదా. అందుకని ఏదో ఒక రెడ్ స్టార్ తెచ్చి, వెనక నంబరు అరగదీసి, బుక్కులోని నంబరు చెక్కుతారు. పతకాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని, పది రెట్ల భూతద్దంతో చూడండి. అరగదీసిన చోట చిన్న గుంట కనబడుతుంది, చుట్టూ లేని సన్నటి సమాంతర గీతలు ఉంటాయి. టంకశాల గుర్తు అక్షరాలు అరిగి మెత్తబడి, వాటి పక్కనే నంబరు అంచులు కత్తిలా పదునుగా ఉంటే ఆ రెండూ ఒకే వయసువి కావు. పాత చెక్కుడు గాడిలో, చుట్టూ ఉన్న వెండి మీద ఉన్న నలుపే ఉండాలి. గాడిలో తెల్లగా మెరిసినా, మసి పూసినట్టు అంతా ఒకే నలుపున్నా అనుమానించండి. తూకం 33 గ్రాములకు కొంచెం అటూ ఇటూగా రావాలి. దుస్తులకు బిగించడానికి వెనక ఉండే మర సులువుగా మారిపోతుంది, దాని మీద టంకశాల పేరు చూసి నిజమని తేల్చకండి. నంబరు పక్కన రష్యన్ ‘దె’ అక్షరం ఉంటే అది పోయినదానికి బదులు ఇచ్చిన నకలు ఆర్డర్ అని అర్థం. అది అసలుదే, కానీ ఆ అక్షరాన్ని గీకేసి అమ్మేవాళ్లుంటారు.

నంబరుకీ కథకీ పొంతన ఉందా అన్నది కూడా చూడాలి. రెడ్ స్టార్ మొత్తం 38 లక్షలకు పైగా ఇచ్చారు. 35 లక్షలు దాటిన నంబరుతో ‘1943 కుర్స్క్ పోరాటానికి’ అన్నారంటే అబద్ధం. అసలు రెడ్ స్టార్ ఉందంటే పోరాటం చేసినట్టే అనుకోవడమే తప్పు. 1944 జూన్ 4 ఉత్తర్వుతో 15 ఏళ్ల సర్వీసుకు రెడ్ స్టార్ ఇవ్వడం మొదలుపెట్టారు. 20 ఏళ్లకు రెడ్ బ్యానర్, 25 ఏళ్లకు లెనిన్ ఆర్డర్. 1957 దాకా ఇది నడిచింది. ఇలా వచ్చినవాటికి సాహసం వర్ణించే కాగితం ఉండదు. దొరకలేదని అమ్మేవాణ్ణి తిట్టనక్కర్లేదు, ధర మాత్రం తగ్గాలి.

పేట్రియాటిక్ వార్ మొదటి తరగతి విషయంలో ప్రశ్న ఒక్కటే: యుద్ధకాలపుదా, 1985దా? విజయానికి 40 ఏళ్లైన సందర్భంగా 1985లో బతికున్న మాజీ సైనికులకు ఇది లక్షల్లో ఇచ్చారు. యుద్ధకాలపు మొదటి తరగతిలో నిజమైన బంగారు భాగాలుంటాయి, విడి ముక్కలుగా చేసి బిగించింది. 1985ది బంగారు పూత పూసిన వెండి. ధరలో తేడా చాలా ఎక్కువ. 1985ది నకిలీ కాదు, గౌరవంగా ఇచ్చిందే. దాన్ని 1944 ధరకి అమ్మడం మోసం.

ఆర్కైవ్ ప్రింటు చూడగానే నమ్మేస్తారు మనవాళ్లు. ‘పామ్యత్ నరోదా’, ‘పోద్విగ్ నరోదా’ సైట్లు రష్యా రక్షణశాఖవే, ఉచితంగా వెతకొచ్చు. కానీ అక్కడ వెతికేది మనిషి పేరుతో, పతకం నంబరుతో కాదు. ఇవాన్ ఇవానోవ్‌లు వందల మంది దొరుకుతారు. ఇంటి పేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు, సైన్యంలోకి తీసుకున్న కార్యాలయం, దళం సంఖ్య అన్నీ బుక్కుతో కలవాలి. ప్రింటు తీసుకోకండి, లింకు అడిగి మీరే తెరవండి. అక్కడ దొరికే సిఫారసు పత్రం, అంటే ఈ సైనికుడికి పతకం ఇవ్వండని పై అధికారి రాసే కాగితం, పతకం ఇవ్వకముందు రాసేది కాబట్టి అందులో సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు. నీటుగా టైపు చేసిన నంబరుతో అది కనబడితే కాగితాన్నే అనుమానించాలి. నంబరు ఉండేది పురస్కార రికార్డు కార్డులో. పత్రంలో పెద్ద ఆర్డర్‌కు సిఫారసు చేసి, చివరికి చిన్నది ఇచ్చినట్టు ఉంటే కంగారు పడకండి, అలా చాలా జరిగింది. ధైర్య పతకాన్ని రెజిమెంటు కమాండరే ఇవ్వగలిగేవాడు, కాబట్టి దాని కోసం రెజిమెంటు ఉత్తర్వుల్లో చూడండి.

పోతపోసిన నకిలీలను పట్టుకోవడం వీటికంటే తేలిక. ధైర్య పతకం అడ్డుకొలత 37 మిల్లీమీటర్లు. పోతలో లోహం ముడుచుకుని కొలత తగ్గుతుంది, ఉపరితలం మీద సూదిమొన లాంటి గుంటలు పడతాయి, పతకం మీద ఉండే విమానాల బొమ్మల అంచులు సబ్బులా మెత్తబడతాయి.

చట్టం సంగతి. రష్యా క్రిమినల్ కోడ్ 324వ అధికరణం కింద సోవియట్ పురస్కారాల అక్రమ కొనుగోలు, అమ్మకం నేరం. రష్యా లోపలి నుంచి ‘నేను పంపిస్తా’ అనేవాడితో లావాదేవీ పెట్టుకోవద్దు. ఎక్కడి నుంచి వచ్చినా, కస్టమ్స్ ఫారంలో ‘సావనీర్ బ్యాడ్జి, పది డాలర్లు’ అని రాస్తాననే వాళ్లకి ఒప్పుకోకండి. పార్సిలు పోయినా, వివాదం వచ్చినా మీరు చూపగలిగే విలువ ఆ పది డాలర్లే.

డబ్బు పంపేముందు అడగాల్సిన ఫోటోలు: ప్రతి నంబరూ నేరుగా ఒకటి, ఏటవాలు వెలుతురులో ఒకటి, బుక్కులో ప్రతి పేజీ, ఖాళీవి కూడా, త్రాసు మీద రెడ్ స్టార్, మర తీసి ఒకసారి, మరతో ఒకసారి, అన్నీ కలిపి, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితంతో. గ్రూపు ఒకే మనిషిది కాదని తేలితే 30 రోజుల్లో పూర్తి డబ్బు వాపసు అని రాతపూర్వకంగా తీసుకోండి. ‘పతకాలు అసలువి’ అన్న హామీ చాలదు, ‘ఈ నంబర్లు ఈ పేరుకి ఇచ్చినవి’ అన్న వాక్యం అందులో ఉండాలి.