బ్యాంకు నిల్వల ఫైలు: ఎక్సెల్, ఎంటీ940, క్యామ్ట్.053, బీఏఐ2లో ఏది మేలు?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వ్యాపారం చేసే మనవాళ్లలో చాలామందికి ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల్లోనూ ఖాతాలుంటాయి. ఒకటి ఊళ్లో, ఒకటి సరిహద్దు దాటి పాతపట్నంలోనో పలాసలోనో, బరంపురంలోనూ కొట్టుంటే అక్కడ మూడోది. పొద్దున్నే ఏ ఖాతాలో ఎంత నిల్వ ఉందో తేలకపోతే ధాన్యం లోడుకు డబ్బు దేనిలోంచి పంపాలో తెలియదు. ఆ నిల్వ బ్యాంకు నుంచి మన లెక్కల్లోకి ఏ ఫైలు రూపంలో రావాలి? ఈ స్థాయి వ్యాపారానికి నా ఓటు ఎంటీ940కే. ముగింపు నిల్వ 1,84,250 రూపాయల 75 పైసలు అనుకుని, ఆ ఒక్క అంకె నాలుగు రూపాల్లో ఏమవుతుందో చూద్దాం.

అందరూ వాడేది ఎక్సెల్ లేదా సీఎస్‌వీ. ఉచితం, కంటికి అర్థమవుతుంది. కానీ సీఎస్‌వీలో గడిని గడి నుంచి విడదీసేది కామా. మనం లక్షలు రాసేదీ కామాతోనే. కొటేషన్ గుర్తులు లేకుండా వచ్చిన 1,84,250.75 మూడు గడుల్లోకి చీలిపోతుంది. ఇక పన్నెండంకెల యూపీఐ రిఫరెన్స్‌ను ఎక్సెల్ పెద్ద సంఖ్యగా భావించి, మొదటి కొన్ని అంకెలే చూపి చివర ‘ఈ ప్లస్ 11’ అని కుదిస్తుంది. అలాగే మళ్లీ సీఎస్‌వీగా భద్రపరిస్తే అసలు నంబరు పోయినట్టే. ఖాతా నంబరు ముందున్న సున్నాలకూ అదే గతి. పైగా ఒక బ్యాంకు జమకు, ఖర్చుకు వేరువేరు గడులు ఇస్తుంది, మరొకటి ఒకే గడిలో పెట్టి పక్కన సీఆర్ (జమ), డీఆర్ (ఖర్చు లేదా బాకీ) అంటుంది.

రైసు మిల్లులకు అసలు ప్రమాదం ఇక్కడే. బ్యాంకు ఇచ్చిన పరిమితి వరకు అప్పు వాడుకునే వాళ్ల క్యాష్ క్రెడిట్ ఖాతాలో సాధారణంగా కనిపించేది మన డబ్బు కాదు, బ్యాంకుకు మనం ఉన్న బాకీ. దిగుమతి చేసేటప్పుడు ఆ డీఆర్ రాలిపోతే బాకీ కాస్తా నిల్వగా మారుతుంది. కాగితం మీద కళకళలాడుతున్న ఆ సొమ్మును నమ్మి చెక్కు రాస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే అంతర్జాతీయ సంస్థ స్విఫ్ట్ రూపొందించిన స్టేట్‌మెంట్ ఫైలు ఎంటీ940లో ఈ తప్పుకు తావు తక్కువ. ప్రారంభ నిల్వ 60ఎఫ్ గుర్తుతో, ముగింపు నిల్వ 62ఎఫ్ గుర్తుతో వస్తాయి. గుర్తు దాటగానే మొదటి అక్షరం జమైతే సి, బాకీ అయితే డి. అది లేకుండా ఆ వరుస చెల్లదు. ఆ వెంట ఆరంకెల తేదీ, ఐఎన్ఆర్, తరవాత మొత్తం. మన అంకె అక్కడ 184250,75 అవుతుంది. పైసల ముందు చుక్క కాదు, కామా; కొత్త గుమాస్తాకు ఇది మొదటే చెప్పి ఉంచాలి. నాకు అన్నిటికంటే నచ్చేది 28సి: స్టేట్‌మెంట్ వరుస సంఖ్య. 41 తరవాత 43 వచ్చిందంటే 42 మనకు చేరలేదు. సీఎస్‌వీని ‘గత 30 రోజులు’ అని దించుకునేవాళ్లకు ఈ కాపలా లేదు, పాత పద్దులు రెండోసారి కలిసిపోతాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ కూడా ఎంటీ940ని నేరుగా తీసుకుంటుంది.

లోపం లేదని కాదు. పద్దు వివరం ఉండే 86లో చోటు ఆరు వరుసలే, వరుసకు 65 అక్షరాలే. అందులో పార్టీ పేరు, బిల్లు నంబరు ఏ క్రమంలో పెట్టాలో ఏ బ్యాంకు పద్ధతి దానిది. రెండు బ్యాంకులుంటే ఆ వివరాన్ని రెండు రకాలుగా చదువుకోవలసిందే.

ఆ చిక్కును తీర్చేది క్యామ్ట్.053. ఇది ఆర్థిక సందేశాల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 20022 కుటుంబంలోది, ప్రతి వివరానికీ పేరు తగిలించి రాసే ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది. పెద్ద మొత్తాలు పంపే మన ఆర్టీజీఎస్ 2013 అక్టోబరు నుంచి ఈ ప్రమాణం మీదే నడుస్తోంది. ఇందులో మొత్తం, కరెన్సీ, జమో ఖర్చో, పంపినవారి పేరు, దేని గడి దానిది. ఖాతాలో నమోదైన నిల్వ వేరు, వాడుకోగల నిల్వ వేరు అని కూడా చూపగలదు. వేసిన చెక్కు ఇంకా పాస్ కానప్పుడు ఆ తేడా ఎంత ముఖ్యమో వ్యాపారులకు తెలుసు. గోపాల్‌పూర్ తీరాన రొయ్యలు ఎగుమతి చేస్తూ ఈఆర్‌పీ (సంస్థ పనులన్నిటినీ కలిపి చూసే సాఫ్ట్‌వేర్) నడిపే సంస్థ అయితే ఇదే తీసుకోవాలి. చిన్న కొట్టుకు మాత్రం భారం. ఒక్క పద్దుకే బోలెడు వరుసలు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తల తిరుగుతుంది.

బీఏఐ2 సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. 1987 నాటి అమెరికా ఫార్మాట్. మన నిల్వ అందులో 015 అనే కోడ్ పక్కన 18425075గా, చుక్కా కామా లేకుండా నిలబడుతుంది. కరెన్సీ రాయకపోతే డాలరనే అనుకుంటుంది! ఖాతాకు, ఫైలుకు చివర మొత్తాలు సరిచూసే వరుసలు ఉండటం మెచ్చుకోదగ్గదే. అయినా అమెరికాలో ఖాతా ఉంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

బ్యాంకులో ఊరికే స్టేట్‌మెంట్ అంటే పీడీఎఫ్ చేతిలో పెడతారు. కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో ఎంటీ940 కావాలని ఉత్తరం రాసివ్వండి, నెలకు రుసుము ఎంతో అప్పుడే కనుక్కోండి. ఒప్పుకునే ముందు నమూనా ఫైలు ఒకటి అడగండి. అది వాపసైన చెక్కు, యూపీఐ జమ, నెఫ్ట్ చెల్లింపు మూడూ ఉన్న రోజుదై, క్యాష్ క్రెడిట్ ఖాతాదై ఉండాలి. ప్రారంభ నిల్వకు (బాకీ అయితే మైనస్‌గా తీసుకుని) జమలు కలిపి, ఖర్చులు తీసేస్తే 62ఎఫ్‌లోని అంకె పైసలతో సహా రావాలి. రాకపోతే సంతకం పెట్టకండి.